పేరంటాలు చీర వద్దంది

ఆశ్వయుజ శుద్ధ విదియ

పదో తరగతి తర్వాత నేను కలం పట్టలేదు. అవసరం రాలేదు. మా మూడోదిబ్బలో ప్రతి ఇంటి గోడకూ వినికి ఉంటుంది. మనం చెప్పింది వింటుంది, రాసిపెడుతుంది, అడిగినప్పుడు మళ్ళీ వినిపిస్తుంది. సరుకుల చీటీ మొదలుకొని శుభలేఖ దాకా అన్నీ దానికే చెబుతాం. నిన్న అది నా నోటి మాటను నాకే మార్చి వినిపించింది. అందుకని డాక్టరమ్మను అడిగి కలం, కాయితాలు తెచ్చుకున్నాను. చేత్తో రాసింది రాసినట్టే ఉంటుందని నా నమ్మకం.

మా ఇంటి ఆడవాళ్ళు కట్టమ్మ పేరంటాలు గుడి చూసుకుంటారు. తల్లి తర్వాత కూతురు. పూర్వం ఏటికట్టకు గండి పడితే, పసిబిడ్డ తల్లి ఒకావిడ నవ్వుతూ ఆ గండిలోకి దిగిందనీ, ఆవిడ మీద మట్టి పోస్తే నీళ్ళు ఆగాయనీ కథ. ప్రతి శుక్రవారం రాతికి పసుపు రాసి, చీర చుట్టి, మా అమ్మ నేర్పిన పాట పాడతాను. నవ్వుతూ దిగిందనే పాటలోనూ ఉంటుంది. పాడుతూ ఎన్నోసార్లు కళ్ళు తుడుచుకున్నాను. నీకున్న ధైర్యంలో ఆవగింజంత నాకివ్వు తల్లీ అని అడిగేదాన్ని.

ఇప్పటి కట్ట మట్టిది కాదు. సముద్రం మీదికొచ్చాక ఆల్చిప్పను పెంచినట్టు పెంచిన కట్ట. దానికి ప్రాణం ఉంది. ఇంటికింత అని వంతు ఉంది, పొద్దున్నే ఎవరి వంతుకు వాళ్ళం గంజి పోస్తాం. పగులొస్తే అదే పూడ్చుకుంటుంది. కాకపోతే పగిలినట్టు దానికి తెలియాలి, నొప్పి పుట్టాలి. ఆ నొప్పి పడడానికి కట్ట లోపలి గదిలో ఒక మనిషి కూర్చుంటుంది. మెడ వెనక నరాన్ని కట్టతో కలుపుతారు. కలిపాక లేచి రావడం ఉండదు. బిడ్డను మోసిన ఒళ్ళయితేనే కట్టను తోసిపుచ్చదట. అందుకని ఆడవాళ్ళే కూర్చుంటారు. ఇప్పుడున్న ఆదెమ్మ గారు లోపలికి వెళ్ళినప్పుడు మా అమ్మాయి తాయారు పరికిణీలు కట్టుకునేది. ఆవిడ పని అయిపోవచ్చింది.

పోయిన నెల గుడి పునాదిలోకి ఉప్పునీరు ఊరుతోందని తవ్వితే ఎముకలు బయటపడ్డాయి. కట్ట పెద్ద అబ్బులు గారు పట్నం నుంచి డాక్టర్ ఇందుమతి గారిని పిలిపించారు. చనిపోయిన మనిషి పన్నులో మిగిలిన ఆఖరి గడియలను బతికున్న మనిషి నోట పలికించే యంత్రం ఆవిడ దగ్గర ఉంది. పలికేది మాత్రం ఆ తల్లి కడుపు పంటే కావాలి. నెత్తురు పరీక్ష చేసి, పేరంటాలు వదిలివెళ్ళిన పసిపిల్ల సంతానమే మేమని చెప్పారు. ఆ రోజు నా కాళ్ళు నేల మీద లేవు.

మహాలయ అమావాస్య నాడు తలంటుకుని, పసుపు చీర కట్టుకుని యంత్రంలో పడుకున్నాను. అమ్మ నా నోట ఊరిని దీవిస్తుందనుకున్నాను. నా నోరు తెరుచుకుంది.

"చెయ్యి వదలండి బాబూ. పిల్ల లేచుంటాది. పాలియ్యాలి. రొమ్ములు సలిపేత్తన్నాయి."

తర్వాత చాలాసేపు ఏడుపు. ఆ ఏడుపు నా గొంతులోంచే వస్తోంది, ఆపడం నా చేతిలో లేదు. మళ్ళీ మాటలు.

"ఎన్నిసార్లు అడుగుతారు? నాకే చీరా వొద్దు. ఎర్రదీ వొద్దు, పచ్చదీ వొద్దు. ఇంటికి పోతాను. మావా, నువ్వయినా చెప్పవేం? అలా నేల చూత్తావేం?"

ఆవిడ చెవిన పడినదంతా నాకూ వినబడింది. ఎవరో మగమనిషి, "కదలకే అచ్చీ" అన్నాడు. అలా ఆవిడ పేరు తెలిసింది. మా అమ్మకు తెలియదు, అమ్మమ్మకు తెలియదు, ఇన్ని తరాలు పసుపు రాసిన ఎవరికీ ఆ పేరు తెలియదు.

లేచి కూర్చునేసరికి నా రవిక తడిసిపోయి ఉంది. పాలు. యాభై ఏళ్ళదాన్ని. డాక్టరమ్మ తన శాలువా తీసి నా మీద కప్పింది.

నిన్న పాడ్యమి నాడు గుడి ముందు అందరికీ వినిపించారు. గొంతు నాదే. "నా పిల్లలు చల్లగా ఉండాలి. ఎర్రచీర పెట్టి పంపండి. నవ్వుతూ దిగుతాను" అంటోంది. జనం చెంపలు వేసుకున్నారు. నా పక్కనున్నావిడ నా కాళ్ళకు దండం పెట్టింది.

డాక్టరమ్మను పక్కకు పిలిచి, "ఇది నేను పలికింది కాదమ్మా" అన్నాను.

"పాతకాలం మాట. అందులో సగం ఏడుపు. వినికికి అర్థం కానిచోట తనకు తెలిసినదాంతో తనే పూరించేస్తుందండీ."

"దానికి తెలిసినదేమిటి?"

"మీ పాటలే వీరవేణి గారూ. పేరంటాలు గురించి ఈ ఊళ్ళో అది ప్రతి శుక్రవారం విన్నవి అవే కదా."

చవితి

మా వంతు కట్టకు గంజి పోసి వచ్చాను. ఇదివరకు గంజి పడగానే చిన్నగా ముడుచుకునేది, పసిపిల్లల పొట్ట మీద చెయ్యి వేసినట్టు ఉండేది. ఇవాళ గంజి అలాగే కిందికి జారిపోయింది. గోరుతో గిల్లి చూశాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. గడప మీద ఉప్పు పేరుకుంటే గీకి పోశాను. వానబావి నీళ్ళు కూడా ఉప్పబారాయి. పప్పు ఉడకలేదు.

మధ్యాహ్నం అబ్బులు గారు వచ్చారు. చాప వేశాను.

"మిమ్మల్నేదో అడగడానికి రాలేదు చెల్లెమ్మా. ఇటేపు వెడతా, మీ ఇంట్లో మజ్జిగ బావుంటాదని ఆగానంతే."

మజ్జిగ తాగి, అల్లం కాస్త ఎక్కువైందన్నారు. నా కూతురు తాయారు వంటింట్లో తన పిల్లకు అన్నం తినిపిస్తోంది. ఆయన అటువైపు చూస్తూ, "ఆదెమ్మ గారికి చూపు కూడా పోయిందండి. మొన్న పోటుకి కింది వీధిలో మోకాలి లోతు నీళ్ళు. ఇన్నేళ్ళు పలకని పేరంటాలు సరిగ్గా ఇప్పుడే ఎందుకు పలికిందంటారు?" అన్నారు.

నేను గ్లాసు తీసుకున్నాను. ఆయన కండువా సర్దుకుని లేచారు.

"అడగాలని కాదుగానండీ, మన తాయారమ్మకి ఏ రంగు చీరంటే ఇష్టం?"

నేను జవాబు చెప్పేలోపు తాయారు ఎంగిలిచేత్తోనే గుమ్మంలోకి వచ్చింది.

"నాకు చీరలెందుకండి బాబాయి గారూ, ఉన్నవే ఉతుక్కోలేక చత్తన్నాను. మీ అమ్మాయిగారికి పెట్టండి. ఆవిడకీ ఓ బిడ్డున్నాడు కదా, కట్ట కాదంటాదేంటి?"

అబ్బులు గారు పెద్దగా నవ్వారు. "దీనికి నోరెక్కువండీ" అని నాతో అని వెళ్ళిపోయారు. మనవరాలు చిన్నమ్మలు ఇంకో ముద్ద పెట్టమని లోపల్నుంచి అరుస్తోంది. తాయారు కదల్లేదు.

"అమ్మా, వాళ్ళు ఖాయం చేసేసుకున్నారే" అంది. దాని మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు.

షష్ఠి

పొద్దున్నే స్నానం చేసి డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళాను. నన్ను కూర్చోబెట్టమన్నాను. భర్త లేడు, ఆశ లేదు, ఇంట్లో పని తాయారు చూసుకుంటుందని చెప్పాను.

"మీ వయసు ఒళ్ళును కట్ట కొత్తగా కలుపుకోదమ్మా. రెండు రోజుల్లో మీరూ పోతారు, కట్టా పోతుంది" అంది. చాలాసేపు గాజుగొట్టాలు కడుగుతూ, నా వైపు చూడకుండానే మళ్ళీ అంది. "అసలు ఒక్కళ్ళే కూర్చోవాలని ఏమీ లేదు. మూడు నెలలు దాటకుండా విడదీస్తే మనిషికేమీ కాదు. పిల్లల తల్లులు వంతులు వేసుకుంటే ఎవరి ప్రాణమూ పోదు. అబ్బులు గారికి చెప్పాను."

నేను ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. రేవులో దసరా పడవ పందేలకు తాళ్ళు కట్టిస్తున్నారు. వంతుల సంగతి అడిగాను.

"ఆవిడ చెప్పింది చెల్లెమ్మా, కాదనను. కానీ మనిషి మారినప్పుడల్లా కట్ట రెండ్రోజులు మొద్దుబారిపోద్దంట. ఆ రెండ్రోజులూ మగాళ్ళందరూ పనులు మానుకుని కట్ట మీద బస్తాలు మొయ్యాలి. ఏడాదికి నాలుగుసార్లు. ఎవరు మోత్తారండీ?"

"ప్రాణం కంటే బస్తా బరువా అన్నయ్యా?"

ఆయనకు కోపం రాలేదు. ఆయనకు ఎప్పుడూ రాదు. "ఒకళ్ళు కూర్చుంటే పేరంటాలు. పదిమంది వంతులేసుకు కూర్చుంటే ఏమంటారు దాన్ని? కూలి పనంటారు. మన గుడి, మీ పాట, ఇదంతా ఏమైపోద్ది?"

తాళ్ళు కడుతున్న మగవాళ్ళు అందరూ విన్నారు. ఒకతను నా వైపు చూడలేక ముడి విప్పి మళ్ళీ అదే ముడి వేశాడు.

అష్టమి

ఇవాళ గుడి ముందు అడిగారు.

కట్టలో కూర్చునే మనిషి తనకిష్టమని తన నోటితో వినికి ముందు చెప్పాలని చట్టం. మూడుసార్లు అడగాలని ఆచారం. మా వైపు విస్తరి ముందు కూర్చున్న మనిషి మొదటిసారి వద్దనాలి, రెండోసారీ వద్దనాలి. అది మర్యాద. పెట్టేవాళ్ళకూ తెలుసు, పెట్టించుకునేవాళ్ళకూ తెలుసు. కట్ట దగ్గర కూడా అదే లెక్క. మొదటి రెండు వద్దులూ మొహమాటం కింద పోతాయి.

"అమ్మా తాయారూ, కట్ట కాపురం నీకిష్టమేనా?" అని అబ్బులు గారు అడిగారు.

"లేదండి."

ఆడవాళ్ళలో ఎవరో, "పాపం, మొగమాటం" అన్నారు.

"ఇష్టమేనా తల్లీ?"

"ఇప్పుడే లేదని చెప్పానుగా. మీకు వినబడదా, నాకు చెప్పడం రాదా?"

కొందరు నవ్వారు. అల్లుడు సూరిబాబు చిన్నమ్మలును ఎత్తుకుని ధ్వజస్తంభం పక్కన నిలబడ్డాడు. నేల చూస్తున్నాడు.

మూడోసారి అడగకముందే నేను లేచాను. పాడేటప్పుడు తప్ప నా గొంతు పదిమందికి వినబడదు. అయినా చెప్పాను. "అమావాస్య నాడు నా నోట వచ్చిన మాటలు మీరు విన్నవి కావు. ఆవిడ పేరు అచ్చి. ఆవిడ దిగలేదు, చేతులు పట్టుకుని దింపారు. పిల్లకు పాలివ్వాలంది. నాకే చీరా వొద్దు, ఇంటికి పోతాను అంది." ఆ మాటలు ఆవిడ అన్నట్టే అన్నాను. మరోలా అనడం నాకు రాలేదు.

వెనక ఎవరో మెల్లగా, "అమ్మ వచ్చింది" అన్నారు.

డప్పు మొదలైంది. నా పాదాల మీద పసుపునీళ్ళు పడ్డాయి. చేతిలో వేపమండలు పెట్టారు. నాకు ఏ పూనకమూ లేదు, నేను వీరవేణినే అన్నాను. పూనినవాళ్ళు అలాగే అంటారని అక్కడ అందరికీ తెలుసు. పూనకంలో ఉన్న మనిషితో ఎవరూ వాదించరు, జవాబు చెప్పరు. ఆ మాటకు అర్థమేమిటో పెద్దవాళ్ళు చెబుతారు.

తాయారు జనాన్ని తోసుకుని వచ్చి నన్ను పట్టుకుంది. ఆ తోపులాటలో దాని జుట్టు ఊడిపోయింది. "మా అమ్మ మామూలుగానే మాట్లాడతాంది. డప్పు ఆపి వినండి. నేనూ మామూలుగానే చెబుతున్నాను, వొద్దు, నాకిష్టం లేదు, వొద్దు."

"కూతురి మీదికీ వచ్చేసింది" అన్నారు. అంతే. ఆ క్షణం నుంచి దాని మాట దానిది కాకుండా పోయింది.

అబ్బులు గారు మా ఇద్దరి ముందూ చేతులు జోడించి నిలబడ్డారు. నిజంగా కళ్ళనీళ్ళు కారుతున్నాయి ఆయనకు. జనం వైపు తిరిగి అర్థం చెప్పారు. "చీర వొద్దంటాంది తల్లి. పట్టు అక్కర్లేదు, నేతచీర చాలంటాంది. ఇంటికి పోతానంటాంది. కట్టే కదా ఆవిడ ఇల్లు. తీసుకెళ్ళమంటాంది."

మూడోసారి ఇక అడగలేదు. వినికి మీద సమ్మతి అని వెలిగింది.

నవమి

సూరిబాబుకు కాఫీ ఇచ్చి పక్కన కూర్చున్నాను. ఎప్పుడూ అలా కూర్చోను.

"బాబూ, పడవ నీదే. తాయారునీ, పిల్లనీ ఎక్కించుకుని పట్నం వైపు వెళ్ళిపో. తర్వాత నన్నేం చేసినా పరవాలేదు."

"మోటారు బాగుచెయ్యడానికిచ్చాను అత్తయ్యగారూ" అన్నాడు. కాఫీ చల్లారేదాకా ఏడ్చాడు. "నేను బలవంతం చెయ్యలేదండీ. ఒక్క మాటయినా అన్నానేమో అడగండి దాన్ని."

అనలేదు. అది నిజమే.

సాయంకాలం రేవుకు వెళ్ళి చూశాను. అతని పడవకు బంతిపూల దండలు కడుతున్నారు. రేపు దశమికి అమ్మవారి ఊరేగింపు ఆ పడవ మీదేనట. మోటారు ఉంది.

ఏకాదశి

నిన్న ఏమీ రాయలేకపోయాను.

దశమి తెల్లవారేసరికి గుమ్మంలోకి సముద్రం వచ్చింది. చీలమండ దాకా. చిన్నమ్మలు అందులో తపతపా కొట్టి ఆడుకుంది. తాయారు దాన్ని ఎత్తి మంచం మీద కూర్చోబెట్టి, చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, గిన్నెలన్నీ అటక మీదికి సర్దింది. ఇవాళ కూడా గిన్నెలు సర్దుతావేమే అంటే, "తడిత్తే తోముకునేది నువ్వే కదా" అంది.

నేను దాని కాళ్ళకు పసుపు రాయాలి. పేరంటాలుకు రాసే చెయ్యే రాయాలని వాళ్ళ మాట. రాయనన్నాను.

"రాయవే అమ్మా. వాళ్ళు రాత్తే మరీ అసయ్యంగా ఉంటాది" అని కాళ్ళు చాపింది. రాశాను. పాదాల పగుళ్ళలో పసుపు నిలిచింది.

"పున్నమికి ఇంతకి రెండింతలు వత్తాది నీరు" అంది. "పిల్లని ఎత్తుకుని ఎక్కడికి ఈదుతాను? అందుకని నడుత్తున్నాను. నువ్వేదో రాత్తన్నావు కదా కాయితాల మీద. నాకిష్టం లేదని రాయి. పిల్లకోసం ఒప్పుకుందనీ రాయకు. ఒప్పుకోలేదు. ఇష్టం లేదు, అంతే రాయి."

రాస్తున్నాను. తాయారుకు ఇష్టం లేదు.

కట్ట గది దాకా మేళం వచ్చింది. ఇద్దరు మగవాళ్ళు చెరో చెయ్యీ పట్టుకోబోతే విదిలించుకుని తనే నడిచింది. ఆదెమ్మ గారిని అప్పటికే బయటికి తెచ్చి అరుగు మీద పడుకోబెట్టారు, మొహం మీద గుడ్డ కప్పి. ఆవిడ వైపు ఎవరూ వెళ్ళలేదు. నేనే వెళ్ళి కాళ్ళు సరిచేసి వచ్చాను.

గుమ్మం దాటాక తాయారు వెనక్కి తిరిగింది. ఊరు ఊరంతా నిశ్శబ్దంగా ఉంది, ఏదో దీవెన వస్తుందని.

"అమ్మా, దానికి జడ బిగించి వెయ్యకు. తలనెప్పంటాది" అంది.

తలుపు వేశారు.

కార్తీక సోమవారం

కట్ట బాగుంది. పున్నమి పోటుకు చుక్క నీరు రాలేదు. వానబావిలో ఉప్పు తగ్గింది, పప్పు ఉడుకుతోంది. గంజి పోస్తే ముడుచుకుంటోంది. నేను పోయలేక నా వంతు పక్కింటావిడకు అప్పగించాను. అది ముడుచుకోవడం చూడలేను.

తాయారు మీద పాట కట్టారు. తాయారమ్మ పేరంటాలు. నవ్వుతూ గుమ్మం దాటిందట, వెనక్కి తిరిగి ఊరిని చల్లగా ఉండమందట. మంచి వరస. శుక్రవారం నన్నే పాడమన్నారు, గొంతు బాగుంటుందని. గొంతు పోయిందని చెప్పాను. అబద్ధమాడినందుకు దేవుడి ముందు లెంపలు వేసుకోలేదు.

సూరిబాబుకు ఊరు గౌరవం ఇచ్చింది. ముందు వరసలో కుర్చీ వేస్తున్నారు. కూర్చుంటున్నాడు.

నేను దీపం పెట్టడం మానలేదు. ఎన్నో ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే వత్తి చేస్తుంది. కానీ తల్లీ అని పిలవలేకపోతున్నాను. అచ్చీ అంటున్నాను. ధైర్యమివ్వమని అడగడం లేదు. మా తాయారుకు దండం పెట్టేవాళ్ళు రోజురోజుకూ పెరుగుతున్నారు. వంతుకు కూర్చుంటామనేవాళ్ళు ఒక్కరూ లేరు.

విడదీసే గడువు మూడు నెలలు. పుష్య శుద్ధ దశమి దాటితే డాక్టరమ్మ కూడా ఏమీ చెయ్యలేదు. పట్నంలో పై అధికారులను అడుగుతానని రేపటి పడవకు వెళుతోంది. వినికి మీద సమ్మతి అని ఉన్నంతకాలం వాళ్ళు ఏమంటారో ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా వెళ్ళమన్నాను.

ఇందుమతి గారూ, ఈ కాయితాలు మీ పెట్టెలో పెడుతున్నాను. అధికారులకు ఇవి పనికిరావు, వాళ్ళు కాయితం చదవరు, వినికికి వినిపించి సారం చెప్పమంటారు. అప్పుడు ఇందులో ఖాళీలు కూడా అది పూరిస్తుంది. అందుకని ఎవరికీ చూపించకండి. మంచి మనసున్నవాళ్ళకు కూడా వద్దు. మంచి మనసున్నవాళ్ళే పాటలు కడతారు. తడి తగలనిచోట దాచండి, చాలు. వెనక్కి తిరిగి మా తాయారు అన్నది జడ గురించి. ఆ మాట ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేదు.